ఏకలవ్యుడి వేషం కట్టిన అక్రమ్ ఖాన్

అక్రమ్ ఖాన్ అనగానే క్రికెట్ పిచ్చి ఉన్న మన కుర్రాళ్లకు 1997లో బంగ్లాదేశ్‌కు ఐసీసీ ట్రోఫీ తెచ్చిపెట్టిన కెప్టెన్ గుర్తొస్తాడు. నేను రాస్తున్నది ఆయన గురించి కాదు. ఈ అక్రమ్ ఖాన్ కూడా బంగ్లాదేశీ ఖాందాన్ వాడే. ఢాకా నుంచి వలస వెళ్లిన అమ్మానాన్నలకు 1974లో లండన్‌లోని వింబుల్డన్‌లో పుట్టాడు. బ్యాటు పట్టలేదు, కాళ్లకు ఘుంఘ్రూలు కట్టాడు. చిన్నప్పుడు అమ్మ దగ్గర బెంగాలీ జానపద నృత్యం, ఏడో ఏట నుంచి ప్రతాప్ పవార్ దగ్గర కథక్ నేర్చాడు. ఈ ప్రతాప్ పవార్ బిర్జూ మహారాజ్ షాగిర్దు. అంటే సిల్సిలా నేరుగా లఖ్‌నవూ దర్బారుకు పోతుంది. ఆ దర్బారు సంగతి కాసేపట్లో చెప్తాను.

పీటర్ బ్రూక్ అనే ఇంగ్లీషు దర్శకుడు 1985లో ఫ్రాన్స్‌లో, అవిన్యోన్ దగ్గర ఒక రాళ్ల క్వారీలో తొమ్మిది గంటల మహాభారతం ఆడించాడు. తర్వాత దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1987 నుంచి దేశదేశాలు తిప్పాడు. ద్రౌపది మల్లికా సారాభాయ్, మన సి.ఆర్. ఆచార్యులు గారి దగ్గర కూచిపూడి నేర్చుకున్న ఆవిడ. భీష్ముడు సోతిగీ కుయాతే, పశ్చిమాఫ్రికాలో తరతరాలుగా కిస్సాలు చెప్పే గ్రియోల వంశం వాడు. ఆ జట్టులోకి పదమూడేళ్ల అక్రమ్‌ను తీసుకున్నారు. వేషం ఏకలవ్యుడు.

ఆ వేషం ఎవరు ఎంచి ఇచ్చారో గానీ, నాకు మాత్రం అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. ఉస్తాద్ కాదన్న పిల్లవాడు ఏకలవ్యుడు. మట్టిబొమ్మ ముందు రియాజ్ చేసి, రాజుగారి బిడ్డను మించిపోయి, ఆఖరికి బొటనవేలు కోసిచ్చినవాడు. ఆ పిల్లవాడి వేషంలో ఒక ఢాకా ముసల్మాన్ల బిడ్డ ఊరూరా, దేశదేశాలా తిరిగాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అక్రమ్ ఖాన్ చేసిన పని మొత్తం ఆ వేషం నుంచే పుట్టిందేమో అనుకుంటాను. పాత కథ ఏది ముట్టుకున్నా ఆయన నజర్ సింహాసనం మీదికి పోదు. దర్వాజా బయట నిలబెట్టినవాళ్ల మీదికి పోతుంది.

ఈ కథ మనకెందుకు అంటారా? ఎందుకంటే మన ఇళ్లలో దీనికి రెండు తాళాలున్నాయి.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీకి తెలుగు సాహిత్యం. పత్రికలో చేరిన కొత్తలో తిక్కన పద్యం ఒకటి నోటికి చెబితే డెస్కులో ఒక పెద్దమనిషి ఎంతో ముచ్చటపడి, "మీవాళ్లకు భారతం ఎలా వచ్చండీ?" అన్నాడు. తిట్టు కాదది, మెచ్చుకోలే. కానీ ఆ మెచ్చుకోలులో ఒక గీత గీసేశాడు. ఇవతల మేము, అవతల మీరు. ఇంటికొస్తే ఇంకో తాళం. మా చుట్టాల పిల్ల ఒకత్తె స్కూల్లో కూచిపూడి నేర్చుకుంటానంటే, "యే నాచ్ గానా హమారే ఘర్ కా రివాజ్ నహీ" అని మాన్పించారు. ఆ పిల్ల ఏడవలేదు. గజ్జెలు తీసి తల్లి చేతిలో పెట్టి లెక్కల పుస్తకం తీసుకుంది. అది జాయెజా నాజాయెజా అన్న బహస్‌లోకి నేను పోను. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా నా పని కాదు. తారీఖ్ మాత్రం నా పని. "మనది కాదు" అన్న మాట ఇద్దరూ అంటున్నారు కాబట్టి, అది నిజమా అని తారీఖును అడగొచ్చు.

మొదటి తాళం భారతం. అక్రమ్ పూర్వీకుల నేల బెంగాల్‌నే చూడండి. అక్కడ తొలినాటి బెంగాలీ మహాభారతాల్లో ఒకదాన్ని జనం 'పరాగలీ మహాభారత్' అంటారు. రాసినవాడు కవీంద్ర పరమేశ్వర్, రాయించినవాడు పరాగల్ ఖాన్. సుల్తాన్ హుసేన్ షాహ్ కాలంలో చిట్టగాంగ్‌ను ఏలిన సేనాపతి. ఆయన కొడుకు ఛుటీ ఖాన్ తండ్రి దారిలోనే శ్రీకర నంది చేత అశ్వమేధ పర్వం రాయించాడు. ఉత్తరాన అక్బర్ 1582లో మహాభారతాన్ని ఫార్సీలోకి తర్జుమా చేయించాడు, దానికి 'రజ్మ్‌నామా' అని పేరు, అంటే జంగ్‌నామా. ఆ పనికి కూర్చోబెట్టిన వాళ్లలో ముల్లా అబ్దుల్ ఖాదిర్ బదాయూనీ ఒకడు. ఆయనకు ఈ పని బొత్తిగా ఇష్టం లేదు. తన రహస్య చరిత్రలో తిట్టుకుంటూ రాసుకున్నాడు, కానీ తర్జుమా చేసిపెట్టాడు. నాకు బదాయూనీ అంటే ఇష్టం. మన ఖాందాన్లలో పెళ్లికి రానంటూనే వచ్చి దేగ్ దగ్గర నిలబడే మామూ ఒకాయన ఉంటాడే, అలాంటివాడు.

ఇక మన గోల్కొండ. ఇబ్రహీం కుతుబ్ షాహ్‌ను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' ఆయనకే అంకితమిచ్చాడు. ఆ కథ ఎక్కడిది? భారతంలోది. ఒక్క సంస్కృతం మాట రాకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం పొన్నెగంటి తెలగన 'యయాతి చరిత్రము'. అదీ భారతం కథే. అంకితం పుచ్చుకున్నవాడు పటాన్‌చెరువు అమీన్ ఖాన్. డిగ్రీలో ఈ పాఠం చదివిన రోజు క్లాసులో నేనొక్కడినే ముసల్మాన్‌ను, ఆ ఖాన్ పేరు వచ్చినప్పుడు అందరూ నావైపు తిరిగి చూశారు. ఆ ఒక్కరోజు ఆ చూపు నాకు నచ్చింది. ఇంకో ముక్క. తెలుగులో 'వారసత్వం' అని గొప్పగా చెప్పుకుంటాం చూడండి, ఆ వారసుడు ఎవరో కాదు, అరబ్బీ 'వారిస్'. మాట మనది, సొత్తు మనది కాదంటే ఎలా?

రెండో తాళం నాచ్. కథక్ అన్న పేరు సంస్కృతం 'కథ' నుంచి వచ్చింది. గుళ్లలో, సంతల్లో కథలు ఆడి చూపినవాళ్లు కథకులు. అదే కథక్ లోపలికి పోతే మాటలు మారతాయి. నర్తకి సభలోకి వచ్చే ముక్క 'ఆమద్', ఫార్సీ మాట, రాక అని. దర్బారుకు దణ్ణం పెట్టే ముక్క 'సలామీ'. వేసుకునే లిబాస్ 'పేష్వాజ్'. రాధాకృష్ణుల కథ, దాని ముందు సలామీ. ఇది రెండు మజహబ్‌ల రాజీ అని ఎవరో కూర్చుని రాసుకున్నది కాదు, వందల ఏళ్లు ఒకే గచ్చు మీద ఆడితే పడ్డ అడుగులు.

ఆ అడుగులకు లఖ్‌నవూలో గొప్ప ఆదరవు నవాబ్ వాజిద్ అలీ షాహ్. 1847 నుంచి 1856 దాకా అవధ్‌ను ఏలాడు. బిర్జూ మహారాజ్ తాతల తరం ఉస్తాదులు ఆయన దర్బారు వాళ్లే. నవాబు తానే ఆడేవాడు, రాసేవాడు. కృష్ణలీలను 'రహస్' అని తనదైన నాటకంగా మలిచాడు. 'రాధా కన్హయ్యా కా కిస్సా' ఆయన రాసిందే. ఒక షియా నవాబు, పాత రాసలీల తీసుకుని, తన దర్బారుకు తగ్గట్టు మార్చి ఆడించాడు. అక్రమ్ ఖాన్ ఇవాళ చేస్తున్న పనికి ఇంగ్లీషులో పెద్ద పేర్లున్నాయి గానీ, మన దగ్గర అది నూటడెబ్బై ఏళ్ల పాతది.

కంపెనీ సర్కారు ఆ నాచ్‌నే నేరంగా చూపింది. పాలన చేతకాని ఐష్‌గాడు అని ముద్ర వేసి 1856 ఫిబ్రవరిలో సల్తనత్ లాక్కుంది. సత్యజిత్ రాయ్ 'షత్రంజ్ కే ఖిలాడీ' చూసినవాళ్లకు ఈ కథ తెలుసు. అందులో నాట్యం కూర్చింది బిర్జూ మహారాజే. ఆ తర్వాత తవాయఫ్ అన్న మాటే బద్నామ్ అయిపోయింది. తెహజీబ్ నేర్చుకోవడానికి నవాబులు కొడుకుల్ని పంపిన కోఠా, మూసిన తలుపు అయింది. మన హైదరాబాద్‌లో మహ్ లఖా బాయి చందా 1824లో పోయే నాటికి దీవాన్ ఉన్న షాయరా, జాగీర్లు ఉన్న మనిషి, నాట్యంలో దిట్ట. మౌలాలి గుట్ట కింద మఖ్బరా కట్టించుకుంది. ఆమె తర్వాత వందేళ్లకు ఆమెలాంటివాళ్ల పేరు ఇళ్లలో ఎత్తడానికి లేకుండా పోయింది. "మన రివాజు కాదు" అన్న మాట అప్పుడు పుట్టింది. అది మజహబ్ ఒక్కటే చెప్పిన మాట కాదు, 1856 తర్వాత మనం సిగ్గుపడటం నేర్చుకున్న మాట కూడా.

గద్దె పోయిన నవాబు కలకత్తా పొలిమేరలో మటియాబుర్జ్‌లో ఇంకో చిన్న లఖ్‌నవూ కట్టుకుని, 1887లో అక్కడే పోయాడు. ఇప్పుడు మటియాబుర్జ్‌కు వెళితే ఘుంఘ్రూల చప్పుడు కాదు, కుట్టుమిషన్ల చప్పుడు వినిపిస్తుంది. తూర్పు ఇండియాలో రెడీమేడ్ బట్టలకు పెద్ద బజారు అది. నవాబు వెంట వచ్చిన దర్జీల వారసులమని చెప్పుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. ఈ దర్జీల్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్రమ్ ఖాన్ చేసిన అన్నిటిలోకీ పెద్ద పని దర్జీల కథే.

ఆ పని పేరు 'జిజెల్'. ఇది ఫ్రెంచి బ్యాలే, 1841 జూన్ 28న పారిస్‌లో మొదటిసారి ఆడారు. థియోఫిల్ గోతియే అనే కవి ఇంకొకరితో కలిసి కథ రాశాడు, సంగీతం అడాల్ఫ్ ఆడమ్. కథ చిన్నదే. జిజెల్ పల్లెటూరి పిల్ల. ఒక జమీందారు బిడ్డ మారువేషంలో వచ్చి ముహబ్బత్ అంటాడు. అతనికి ముందే గొప్పింటి నిశ్చితార్థం అయిపోయిందని తెలిసి ఆ పిల్ల పిచ్చెత్తి చచ్చిపోతుంది. రెండో అంకంలో అడవి. మోసపోయి పెళ్లి కాకుండా పోయిన ఆడపిల్లల రూహ్‌లు, విలీలు అంటారు, రాత్రిపూట మగవాళ్లను పట్టి చచ్చేదాకా ఆడిస్తాయి. జిజెల్ కూడా అందులో చేరుతుంది, కానీ తనను మోసం చేసినవాణ్ని మాత్రం తెల్లవారేదాకా కాపాడి వదిలేస్తుంది.

బ్యాలే లోకంలో ఇది ముట్టుకోకూడని క్లాసిక్. నిజానికి ముట్టుకోని చెయ్యి లేదు. పారిస్ వాళ్లే 1868 తర్వాత దాన్ని అటకెక్కించారు. రష్యాలో మారియుస్ పెతిపా మళ్లీ మళ్లీ సరిచేసి బతికించాడు. 1910లో రష్యన్ల జట్టే దాన్ని తిరిగి పారిస్‌కు పట్టుకొచ్చింది. ఇవాళ 'అసలు జిజెల్' అని చూసేది ఆ సరిచేతల మూట. మన పెద్దలు అసలు బిర్యానీ, అసలు అదబ్ అని వాదించుకునేటప్పుడు నాకిది గుర్తొస్తుంటుంది.

2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే డైరెక్టర్ తమారా రోహో ఈ పని అక్రమ్ ఖాన్ చేతిలో పెట్టింది. ఆ జట్టు పుట్టుకే ఊరూరా తిరగడానికి. 1950లో అలీసియా మార్కోవా, ఆంటన్ డోలిన్ దాన్ని మొదలుపెట్టారు. మార్కోవా పేరుపొందిందీ జిజెల్ వేషానికే. అలాంటి ఇంట్లోకి కథక్ మనిషిని పిలిచి, ఇంటి పెద్దకోడలి నగ చేతికిచ్చి, కరిగించి కొత్తగా చెయ్యి అన్నట్టు లెక్క.

అక్రమ్ పల్లె తీసేశాడు. అతని జిజెల్ గార్మెంట్ ఫ్యాక్టరీ కూలీ. ఫ్యాక్టరీ మూతపడింది, కూలీలంతా బయటపడ్డారు, వలస జనం, పేరు కూడా లేదు, 'వెలివేయబడ్డవాళ్లు' అంతే. వాళ్లకూ యజమానులకూ మధ్య ఒక ఎత్తైన గోడ. టిమ్ యిప్ ఆ గోడ మీద చేతిముద్రలు వేయించాడు. చూస్తుండగానే అది ఇరుసు మీద తిరిగితే దాని వెనకాల నుంచి జిగేల్మనే లిబాస్‌లలో యజమానులు బయటికొస్తారు. ఆల్బ్రెక్ట్ ఆ వర్గం వాడు, కూలీ వేషంలో ఇటుపక్కకు వచ్చాడు. హిలారియన్ పాత కథలో అడవి కాపలాదారు. ఇక్కడ మేస్త్రీ లాంటివాడు, కూలీలకూ యజమానులకూ మధ్య సౌదా చేసి బతికేవాడు. ఇలాంటివాళ్లను మనం ప్రతి కంపెనీ గేటు దగ్గరా చూశాం.

ఆల్బ్రెక్ట్‌కు నిశ్చయమైన పెళ్లికూతురు బాతిల్డ్ వస్తుంది. పాత బ్యాలేలో కూడా జిజెల్ ఆవిడ గౌను అంచు పట్టుకుని ఎంత బాగుందో అని మురిసిపోతుంది. పల్లెటూరి పిల్ల అమాయకత్వం అది. అక్రమ్ ఆ చిన్న ముక్కను అలాగే ఉంచి మానీ మార్చేశాడు. జిజెల్ ఆ గౌనును గుర్తుపడుతుంది. అది తను ఫ్యాక్టరీలో పనిచేసిన బట్ట.

మా ఖాలా ముప్ఫై ఏళ్లు మగ్గం వర్కు చేసింది. జరీ, కుందన్, కట్‌దానా, ఏదైనా సరే. ఒకసారి ఏదో పెద్దింటి నికాహ్‌లో వడ్డన దగ్గర నిలబడి, దుల్హన్ జాకెట్టు వీపు మీద నెమలి చూసి నా చెయ్యి గిల్లింది. "యే మేరా మోర్ హై. ఈ కన్ను దగ్గర దారం తెగితే ముడేసి దాచాను, చూడు." దగ్గరికి పోయి చూడటానికి వీల్లేదు. చెప్పడానికి అసలే వీల్లేదు. ఆ జాకెట్టుకు షాపువాడు ఎంత తీసుకున్నాడో, ఖాలాకు ఎంత ఇచ్చాడో ఆమెకు తెలుసు. జిజెల్ ఫిల్ముగా కూడా దొరుకుతుంది, 2017లో లివర్‌పూల్‌లో తీశారు. ఆమెకు ఫోన్లో ఆ ముక్క చూపించాను. కథ ఏమీ చెప్పలేదు. చూసి, "ఆ పిల్లకు మజ్దూరీ బాకీ పెట్టారా?" అని అడిగింది. లండన్ విమర్శకులు పేజీలు రాశారు దాని మీద. ఆ సవాల్ ఒక్కరూ అడిగినట్టు నేను చదవలేదు.

రెండో అంకం చంద్రకాంతి అడవి కాదు, పాడుబడ్డ ఫ్యాక్టరీ. జిజెల్ తోటి కూలీలు పనిచేసి, చాలామంది చనిపోయిన చోటు. విలీలంటే వాళ్లే. జుట్టు విరబోసుకుని, చేతుల్లో పొడుగాటి వెదురుబద్దలు పట్టుకుని వస్తారు. నన్ను అడిగితే అవి మగ్గం కర్రలు. అక్రమ్ ఇక్కడ ఒక తెలివైన పని చేశాడు. బ్యాలే అంటేనే వేళ్ల కొసల మీద నిలబడటం కదా, దాన్ని మొదటి అంకంలో బతికున్న కూలీలకు ఇవ్వలేదు, చచ్చిపోయినవాళ్ల కోసం దాచాడు. గోతియే కాలంలో అది పరీల నజాకత్. ఇక్కడ కూలీ రూహ్‌లు ఇనుప మేకుల్లా నేలను పొడుచుకుంటూ నడుస్తాయి. విన్సెంజో లమాన్యా సంగీతంలో ఆడమ్ పాత రాగాలు అక్కడక్కడ తేలుతూ, మళ్లీ యంత్రాల రొదలో మునిగిపోతుంటాయి.

వేదిక మీద ఎక్కడా ఒక ఊరి పేరు ఎత్తరు. నాకు మాత్రం 2013 ఏప్రిల్ 24 గుర్తొచ్చింది. ఢాకా పక్కన సావర్‌లో రానా ప్లాజా కూలిన రోజు. ఎనిమిది అంతస్తుల భవనం, పై అంతస్తుల్లో బట్టలు కుట్టే పిల్లలు. ముందురోజే గోడలు బీటలు వారాయి. కింది అంతస్తులో బ్యాంకు మూసేశారు, పైన కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు లోపలికి పంపారు. 1,100 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. అక్రమ్ అమ్మానాన్నల ఊరి పొలిమేర అది.

ఇంకో సంగతి. ఈ జిజెల్ మొదట ఆడింది లండన్‌లో కాదు, మాంచెస్టర్ ప్యాలెస్ థియేటర్‌లో, 2016 సెప్టెంబరు 27న. 1841లో పారిస్‌లో తెల్లటి పలుచని గౌన్లతో విలీలు ఆడుతున్నప్పుడు మాంచెస్టర్ లోకానికి నూలుమిల్లుల రాజధాని. ఢాకా మల్మల్ మగ్గాలు అప్పటికే మూలపడ్డాయి. ఉంగరంలోంచి దూరే మల్మల్ అని మన నానీలు చెప్పే కిస్సా ఆ ఢాకా గురించే. మగ్గం పోయింది, మిల్లు వచ్చింది, మిల్లు కూడా మాంచెస్టర్ నుంచి పోయింది, తిరిగి ఢాకాకే కుట్టుపని కూలీగా వచ్చింది. ఆ ఊళ్లో, ఆ స్టేజీ మీద, ఆ ఢాకా వాళ్ల కొడుకు ఈ కథ ఆడించాడు. అక్కడి నుంచి బ్రిస్టల్, సౌతాంప్టన్, లండన్, తర్వాత అమెరికా.

భారతం దగ్గరికి అతను పెద్దయ్యాక మళ్లీ వచ్చాడు. 2016 జనవరిలోనే 'అంటిల్ ద లయన్స్' చేశాడు. కార్తిక నాయర్ అనే కవయిత్రి భారతంలోని ఆడవాళ్ల గొంతులతో రాసిన పుస్తకం దానికి ఆధారం. వేట కథ ఎప్పుడూ వేటగాడే చెప్తాడు, సింహం చెప్పినప్పుడు సంగతి వేరుగా ఉంటుందనే ఆఫ్రికా సామెత నుంచి ఆ పేరు. అతను తీసుకున్నది అంబను. స్వయంవరం నుంచి భీష్ముడు ఎత్తుకొస్తాడు. ప్రేమించిన సాళ్వుడు, పరాయివాడు గెలుచుకున్నదని వద్దంటాడు. భీష్ముడు తన ప్రతిజ్ఞ అడ్డమంటాడు. ఎవరి ఇంట్లోనూ చోటు లేని ఆడమనిషి, చచ్చి మళ్లీ పుట్టి శిఖండిగా ఇన్సాఫ్ తీసుకుంటుంది. తలాక్ కేసుల్లో, పంచాయతీల్లో రిపోర్టరుగా కూర్చున్నవాణ్ని, ఈ 'ఇక్కడా కాదు, అక్కడా కాదు' అన్న ఆడమనిషిని నేను చాలాసార్లు చూశాను. హిందూ ముస్లిం ఫరక్ ఏమీ లేదు ఇందులో.

లండన్ రౌండ్‌హౌస్ ఒకప్పుడు రైలింజన్లు తిప్పే గుండ్రటి షెడ్డు. దాని నడిమధ్య, నరికిన మహావృక్షం మొద్దులాంటి వేదిక. చుట్టూ జనం. అక్రమ్ భీష్ముడు, చింగ్-యింగ్ చియెన్ అనే తైవాన్ అమ్మాయి అంబ. కట్టెపుల్లలా ఉండే ఆ అమ్మాయి మొద్దు మీద పాకుతూ, ఎగురుతూ ఉంటే, పదమూడేళ్లప్పుడు ఏకలవ్యుడైనవాడు నలభై దాటాక భీష్ముడి వైపు నిలబడ్డాడేమిటి అనిపించింది. నాకు అది నచ్చింది. జుల్మ్ చేసినవాడి ఒంట్లోకి పోయి చూడకుండా మజ్లూమ్ వైపు మాట్లాడితే అది తక్రీర్ అవుతుంది గానీ కథ కాదు.

తక్రీర్ అన్నాను కాబట్టి చెప్తున్నా, అతను చేసినవన్నీ నాకు సమానంగా నచ్చవు. 2022లో లెస్టర్‌లో మొదలుపెట్టిన 'జంగిల్ బుక్ రీఇమాజిన్డ్' అలాంటిది. మోగ్లీ ఆడపిల్ల, నీళ్లు పొంగి మునిగిన లోకంలో ఇంటివాళ్లను పోగొట్టుకున్న ముహాజిర్. మనుషులు వదిలేసిన నగరం ఇప్పుడు జంతువులది. ఖయాల్ గొప్పది. కిప్లింగ్‌లాంటి సామ్రాజ్యపు మనిషి పుస్తకాన్ని శరణార్థి పిల్ల చేతికివ్వడం నాకు ముచ్చటేసింది. కానీ మాటలు ఎక్కువ. ముందే రికార్డు చేసిన గొంతులు చెప్పాల్సింది చెప్పేస్తుంటే, ఆడేవాళ్ల ఒంటికి చెప్పడానికి ఏం మిగలదు. పిల్లలకు చూపించాలనుకుంటే దానికన్నా 'ఛోటో దేశ్' చూపించండి. 2011లో అతను ఒంటరిగా ఆడిన 'దేశ్'ను పిల్లల కోసం కుదించింది. గుండుచేసిన నడినెత్తి మీద కళ్లూ ముక్కూ గీసుకుని, తల వంచి, ఆ నెత్తే వంటవాడైన బాబా మొహంగా మారిపోయే ముక్క చూసి మావాడు వారంరోజులు అద్దం ముందు తల వంచుకుని తిరిగాడు.

2018లో 'జీనోస్'. తన ఆఖరి పూర్తినిడివి సోలో అని చెప్పి మరీ ఆడాడు. మొదటి ప్రపంచయుద్ధంలో తెల్లవాళ్ల కోసం పోరాడిన హిందుస్తానీ సిపాయి, అగ్ని దొంగిలించిన గ్రీకు ప్రొమీథియస్, రెండూ ఒకే మనిషిలో. మొదట్లో అది మెహఫిల్, తబలా ఉంటుంది, పాట ఉంటుంది. తర్వాత కాళ్ల ఘుంఘ్రూలు విప్పి ఒంటికి అడ్డంగా చుట్టుకుంటే అవి తూటాల బెల్టులైపోతాయి. మాటలే అక్కర్లేదు.

ఈ తిరుగుడు కళ మనకు కొత్తదేమీ కాదు. సురభి వాళ్లు 1885 నుంచి పరదాలు బండికెత్తుకుని తిరుగుతున్నారు. అంతకన్నా దగ్గరి మనిషి షేక్ నాజర్. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పేద దూదేకుల ఇంట్లో పుట్టి, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పి ఆంధ్రదేశమంతా తిరిగి, బుర్రకథకు మారుపేరైపోయాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో పోయాడు. బుర్రకథలో ముగ్గురుంటారు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. ఈ రాజకీయం చెప్పేవాడు నాయకురాలి పంతం మధ్యలో ఆపి, ఇవాళ్టి బియ్యం ధర గురించి, దొర వడ్డీ గురించి అడుగుతాడు. మధ్యలో గజ్జెలు కట్టి తంబుర మీటుతూ కథ నడిపేవాణ్ని కథకుడంటారు. కథక్ అన్నా అదే మాట.

నాజర్ సాబ్ బ్రహ్మనాయుడి కథ చెప్తుంటే పల్నాటి ఊళ్లలో ఎవరూ లేచి "నీకెందుకయ్యా ఈ కథ" అనలేదని పెద్దవాళ్లు చెప్తారు. ఆయన తర్వాత మన బస్తీల్లో, పల్లెల్లో గజ్జె కట్టి కథ చెప్పిన ముసల్మాన్లు ఇంకా కొందరున్నారు, మగవాళ్లే కాదు, ఆడవాళ్లు కూడా. వాళ్లలో చాలామంది పేర్లు నాకు అచ్చులో కనబడలేదు. మీ ఊరి వాళ్లెవరైనా గుర్తుంటే, వాళ్లు చెప్పిన కథ ఏదో, ఏ ఏట ఏ మైదానంలో చెప్పారో రాసి పంపండి. ఫోటో దొరికితే ఇంకా మంచిది.